కొండ మీద తడిక ఇంటి నుంచి కోరుకొండ స్లాబు దాకా



మన కోయ, కొండరెడ్డి పెద్దలు ఇల్లు కట్టాలంటే వెదురు, మట్టి, గడ్డి చాలేవి. ఊరంతా తలా ఓ చెయ్యేస్తే గోడలు లేచేవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, సర్కారు రిజర్వు చేసిన అడవిలో అనుమతి లేకుండా కర్ర కొట్టడం నేరమైంది. వెదురు సేకరించుకునే హక్కుని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది.

నేల సంగతి వేరు. ఏజెన్సీలో స్థలం గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి 1/70 చట్టం అడ్డుంది. గోకవరం దాటి కోరుకొండకి వచ్చామంటే అది మైదానం, ఇక్కడ ఆ చట్టం వర్తించదు. అమ్మేవాడిని, కొనేవాడిని ఆపేవాళ్ళు లేరు.

అందుకే చదువుకో, ఉద్యోగానికో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకునే మనవాళ్ళం ఇటుక ధర అడిగేముందు కాగితాలు చూసుకోవాలి. లింకు దస్తావేజులు, ఈసీ, పంచాయతీ అనుమతి సరిగ్గా ఉండాలి. మేస్త్రీతో అడుగు లెక్కో, రోజు కూలో ముందే తేల్చుకోవాలి. పునాది రోడ్డు కన్నా ఎత్తుండాలి.

కొండ మీద కప్పు పాడైతే మళ్ళీ గడ్డి కప్పుకున్నాం. ఇక్కడ దస్తావేజు తప్పైతే ఇల్లే పోద్ది. చదువుకున్న మనమే ఇంట్లో పెద్దలకి ఆ కాగితాలు చదివి చెప్పాలి.