సముద్రరాణియు ప్రతీకారప్రేతములును: ఇండొనీషియా భయానక చలనచిత్రములు

ఇండొనీషియా భయానక చలనచిత్రములలో, ముఖ్యముగా 1980 తరువాతి దశాబ్దమున వెలువడినవానిలో, పగకు రెండు జన్మస్థానములు కానవచ్చును: జావాకు దక్షిణమున ఘోషించు హిందూమహాసముద్రము ఒకటి, అన్యాయముగా మరణించిన స్త్రీ సమాధి రెండవది.

ఆ సముద్రమునకు అధిదేవత న్యాయి రోరో కిదుల్. మతారామ్ ప్రభువైన పనెంబహన్ సేనోపతి ఆమెను వరించి తన వంశమునకు ఆమె రక్షణము సంపాదించెనని ఆస్థానగాథలు చెప్పుచుండ, సుందా ప్రాంతపు కథలు ఆమెను చర్మవ్యాధిచే వెలివేయబడి కడలిలో దుమికిన పజాజరన్ రాకుమారిగా వర్ణించును. యోగ్యకర్త ఆస్థానమువారు పరంగ్‌కుసుమో తీరమున లబుహాన్ అను అర్పణోత్సవము నేటికిని జరుపుదురు. సముద్రరాణి వేరు, రోరో కిదుల్ ఆమె మంత్రిణి మాత్రమే యని కొందరు సంప్రదాయజ్ఞులు వాదింతురు గాని, చలనచిత్రకారులు ఈ భేదమును పాటింపక జనశ్రుతినే అనుసరించినట్లు తోచును.

సర్పదేహిని యగు న్యి బ్లొరొంగ్ రాణికి కూతురని కొందరును, సేనానియని కొందరును చెప్పుదురు. ప్రాణబలి గైకొని ధనమిచ్చు ఈమెను సిస్వొరొ గౌతమ పుత్ర ‘న్యి బ్లొరొంగ్’ (1982)లో తెరకెక్కించెను. నాయిక సుజన్నా (1942–2008). ‘బంగున్‌న్య న్యాయి రోరో కిదుల్’ (1985) కూడ వీరిరువురి కృతియే. అంతకుముందు వీరు కలిసి పనిచేసిన ‘సుందెల్ బొలొంగ్’ (1981)లో నాయిక, ఓడ కప్తానైన భర్త సముద్రయానమున నుండగా దుర్మార్గులచే చెరుపబడి, మరణానంతరము వీపున రంధ్రముగల ప్రేతమై వారిని వేటాడును. అచ్చట సముద్రము దేవత కాదు. రక్షకుని దూరము చేసిన అగాధము.

‘పెంబలాసన్ రతు పన్‌తాయ్ సెలాతన్’ చిత్రకాలమును కొందరు 1988గాను, కొందరు 1989గాను వ్రాయుదురు. చుత్ జలిల్ దర్శకత్వము వహించిన ఇందు, వంచితయైన రాణి తన్ను వంచించిన పురుషుని ప్రపౌత్రిపై పగ తీర్చుకొందునని శపథము చేసి సాగరగర్భము చేరి, తరువాతి కాలమున ఆ జలములలో మునిగిన పరిశోధకురాలి దేహము నావేశించును. ఆ కాలపు అమెరికా యంత్రమానవ చిత్రచ్ఛాయలు ఇందు స్పష్టముగ కలవు.

పలు చిత్రములు కియాయి, అనగా ముస్లిం మతగురువు, ప్రార్థనతో ముగియును. ధర్మవిజయమును కోరిన నాటి ప్రభుత్వపు కట్టుబాట్లు దీనికి కొంత కారణమై యుండవచ్చును. అయినను ఈ చిత్రముల ప్రాణము ఆ శాంతిలో లేదు. మాట తప్పినవానిని సముద్రమును, చెరచినవానిని ప్రేతమును శిక్షించుటలో, మానవన్యాయస్థానము విడిచిన తీర్పును అవి పూరించుటలో కలదు.