మైక్రోఅల్బుమిన్

పొద్దున్నే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూత్రం పట్టి ల్యాబుకిచ్చే షుగర్ రోగులకు రిపోర్టులో ఎదురయ్యే మాట ఇది. లాటిన్‌లో ‘ఆల్బుస్’ అంటే తెలుపు. గుడ్డు తెల్లసొన మీదుగా అల్బుమిన్ అనే ప్రొటీన్‌కి ఆ పేరొచ్చింది.

‘మైక్రో’తోనే నాకు పేచీ. చిన్నది ప్రొటీన్ కాదు, మూత్రంలోకి జారే మోతాదు: గ్రాము క్రియాటినిన్‌కి 30 నుంచి 300 మిల్లీగ్రాములు. అప్పటికి నొప్పి, వాపు ఏవీ ఉండవు. అందుకే ఆ మాట చూసి కొట్టిపారేస్తారు. జ్వరంలోనూ ఇది పెరగొచ్చు కనుక మళ్లీ పరీక్షించాలి. నిజమని తేలితే మాత్రం కిడ్నీల వడపోత దెబ్బతింటున్నట్టే. షుగర్, బీపీ అదుపులో పెడితే నష్టాన్ని నెమ్మదింపజేయొచ్చు. టైప్ 2 వాళ్లకి జబ్బు తెలిసిన నాటినుంచే ఏటా ఈ పరీక్ష ఉండాలి.