మోతలో గంటకు కన్ను తోడు

కాలింగ్ బెల్ తాతగారు గట్టిగా మోగడానికి పుట్టలేదు, దూరం నుంచి మోగడానికి పుట్టారు. 1831లో అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ గది చుట్టూ మైలుకు పైగా రాగితీగ లాగి, అవతలి కొసన అయస్కాంతపు కడ్డీ కదిలి గంటను కొట్టేలా చేశాడు. తర్వాత హోటళ్లలో గంట పక్కన బోర్డు వెలిసింది. ఏ గదివారు పిలిచారో చిన్న రేకు పడి చూపేది. చెవికి కన్ను తోడవడం అప్పటి నుంచీ ఉన్నదే. వినికిడి లేనివారి ఇళ్లలోనైతే గంట బదులు దీపమే వెలిగి ఆరుతుంది.

రంపం మోత నిండిన ఇంటి వర్క్‌షాపుకూ, సిరిసిల్ల మరమగ్గాల షెడ్డుకూ ఇదే దారి. పెద్ద సైరన్ పెట్టొచ్చుగా అంటారు. అది ముందు పక్కింటివాళ్లనే లేపుతుంది. పనిమీద చూపున్నవాడికి దీపం కనబడదన్న అభ్యంతరంలో మాత్రం పస ఉంది. అందుకే బల్బును పనిబల్ల ఎదురుగోడకే బిగించి, గంట తీగ నుంచి రిలేతో వెలిగించాలి.