చెర మాఱిన రోగి

వరంగల్లు కేంద్రకారాగారము 1886లో నిజాము పరిపాలనమున వెలసినది. దానిని 2021 జూన్‌లో పడగొట్టిరి. ఆ స్థలమున ఇరువదినాలుగంతస్తుల ఆసుపత్రికి ఆ నెల 21వ తేదీన శంకుస్థాపన జరిగెను. చెర యున్న చోట వైద్యాలయము లేచుట శుభమేయని మేమును సంతోషించితిమి. అయితే లోపలి ఖైదీలను అంతకుముందే చర్లపల్లి మొదలగు ఇతర కారాగారములకు తరలించిరి. కరోనా రెండవ విజృంభణము ఇంకను పూర్తిగా అణగని దినములవి. ఈ చెర పేరు వినగానే మనకు దాశరథి కృష్ణమాచార్యులును, ఆయనను ఇచటినుండి నిజామాబాదు జైలునకు మార్చిన కథయు జ్ఞప్తికి వచ్చును. జ్వరముతో మూల పడియుండి చెర మాఱిన అనామకుడు జ్ఞప్తికి రాడు.

చెరసాలలన్నియు ఒక్క తీరువి కావు. 1894 నాటి బందీఖానాల చట్టము బ్రిటిషు ఇండియాకై పుట్టినది. రాజమహేంద్రవరపు జైలు దాని క్రిందిది, వరంగల్లుది నిజాము రాజ్యములోనిది. స్వాతంత్ర్యానంతరము ఆ చట్టమే ఇచటికిని వచ్చెను. ప్రతి చెరయందును రోగులకొక ఆసుపత్రి గాని, తగిన చోటు గాని యుండవలెనని అది విధించెను. ఈ 'గాని' యను చిన్నమాటలో పెద్ద సందున్నది. కేంద్రకారాగారమున ఆసుపత్రియు వైద్యుడును ఉందురు. తాలూకా సబ్‌జైలునకు ఒక గది చాలును. వైద్యుడు ఊరి సర్కారు దవాఖానానుండి రావలెను.

క్షయరోగమునే చూతము. రెండు వారములు దగ్గు విడువనిచో కఫము పరీక్షింపవలెను. రోగమున్నచో సాధారణముగా ఆఱు నెలలు మందు తినవలెను. సబ్‌జైలున విచారణఖైదీ కొన్ని దినములే యుండును. పరీక్షాఫలము వచ్చునప్పటికి అతడు వేఱొక జైలున నుండవచ్చును, జామీనుపై ఇంటనే యుండవచ్చును. మందు నడుమ మానినచో రోగము మొండికెత్తును. ఇరుకు బారకులో అది ప్రక్కవానికి సోకును. ఇంటికి వచ్చిన పిదప ఆలుబిడ్డలకు సోకును. గోడలు ఖైదీని ఆపును గాని దగ్గును ఆపవు.

ఖైదీని ఒక చెరనుండి వేఱొక చెరకు పంపుటకు ముందు వైద్యాధికారి పరీక్షించి, ప్రయాణమునకు అడ్డమగు రోగము లేదని ధ్రువపఱుపవలెనని ఆ చట్టమే చెప్పెను. మంచి నియమమే. ప్రయాణము చేయగలడా యని అడుగుటతో దాని విచారము ముగిసెను. ఎన్ని నెలల మందు మిగిలినది, చేరినచోట ఎవరు ఇత్తురు అను ప్రశ్న పుట్టనేలేదు. సుప్రీంకోర్టు 1996లో రామమూర్తి వ్యాజ్యమున చెరల కిక్కిఱిసిన స్థితిని, ఆరోగ్యవిషయమున ఉపేక్షను ప్రత్యేకముగా ఎత్తిచూపెను. పెద్ద భవనములకు ధనమును కాలమును కావలెను. ఖైదీతోపాటు అతని మందుచీటిని పంపి, చేరిన ఊరి దవాఖానాకు ఒక కబురు పెట్టుటకు అంత వ్యయమేమున్నది?