సిక్లిడ్ చేపలు: గాజుతొట్టి, నది

జోగులాంబ గద్వాల జిల్లా ధరూరు మండలములో, రేవులపల్లి వద్ద, కృష్ణపై జూరాల ఆనకట్ట గలదు. ఈ నదిలో నేడు తిలాపియా అను చేప దొరకుచున్నది. ఇది ఇక్కడి చేప కాదు. ఇండ్లలో గాజుతొట్టెలందు ముచ్చటగా పెంచు సిక్లిడ్ల కుటుంబమునకు చెందిన ఆఫ్రికా చేప.

జర్మను శాస్త్రజ్ఞుడు పీటర్స్ 1852లో దీనిని మొట్టమొదట వర్ణించెను. సరిగా నూరేండ్లకు, 1952లో, ప్రజలకు చౌకగా మాంసకృత్తులు లభించునను ఆశతో సింహళము నుండి రామేశ్వరము దగ్గరి మండపమునకు దీనిని తెచ్చిరి.

చాలా చేపలు గ్రుడ్లు పెట్టి తమ దారిన పోవును. సిక్లిడ్లు అట్లు కాదు. తిలాపియా తల్లి గ్రుడ్లను నోటిలోనే పొదుగును. అపాయము తోచినచో పిల్లలను మరల నోటిలోనికి తీసుకొనును. దక్షిణ భారతపు ఉప్పుకయ్యలలోని నారింజ క్రోమైడు పిల్లలు తల్లిదండ్రుల మేని జిగురును తినును. తొట్టిలో మనలను మురిపించునది ఈ వాత్సల్యమే.

చెరువులో అదియే చిక్కు తెచ్చినది. పిల్లలు విశేషముగా బ్రదికి, నీరు క్రిక్కిరిసి, చేపలు గిడసబారెను. తక్కిన జాతులకు మేత తగ్గెను. 1959లో దీని వ్యాప్తిని నిషేధించిరి. కాని అప్పటికే చేప చేయిదాటినది.

కనుక పాఠశాలలో సిక్లిడ్లను పెంచువారు తొట్టి అడుగున రాళ్లమర్చి, వారమునకొకసారి కొంత నీటిని మార్చవలెను. పిల్లలు హెచ్చినచో ఇతర పెంపకందార్లకు ఈయవలెనే గాని, కాలువలో విడువరాదు. నదిలో వదలిన జంటను తిరిగి పట్టుట ఎవరి తరము కాదు.