అంపన్

అంపన్ అనేది తీపి పూర్ణం నింపి కాల్చే జపాను బన్ను. దాని పేరు రెండు అరువు మాటల కలయిక. మొదటిదైన 'అన్' చైనా భాష నుంచి వచ్చింది. అజుకి అనే చిన్న ఎర్ర గింజలను మెత్తగా ఉడికించి, చక్కెర చేర్చి, దగ్గరపడేవరకు కలియబెట్టిన పూర్ణాన్ని అది సూచిస్తుంది. రొట్టె అనే అర్థం గల 'పన్' పోర్చుగీసు మాట 'పౌఁ' నుంచి పుట్టింది. పావ్‌భాజీ ద్వారా తెలుగువారికి పరిచయమైన 'పావ్'కు మూలమూ ఇదే.

1543లో పోర్చుగీసువారు తనెగషిమా ద్వీపం చేరడంతోను, 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమాలో మతప్రచారం మొదలుపెట్టడంతోను పెరిగిన సంపర్కం వల్ల 'పన్' అనే మాట జపానులో ప్రవేశించింది. 1639లో తొకుగవ పాలకులు పోర్చుగీసు ఓడల రాకను నిషేధించినా మాట నిలిచింది. రొట్టె మాత్రం అన్నమే ప్రధానాహారమైన ప్రజల ఇళ్లలో చోటు సంపాదించలేకపోయింది. 1842లో ఎగవ తరోజయెమోన్ అనే అధికారి రొట్టెలు కాల్పించినా, అవి సైనికుల కోసం చేయించిన గట్టి నిలవ రొట్టెలే.

ఈ దూరాన్ని తగ్గించినవాడు కిమురా యసుబెయి. సమురాయ్ వర్గానికి చెందిన ఇతడు 1869లో తోక్యోలో రొట్టెల దుకాణం తెరిచి, తరువాత దాన్ని అదే నగరంలోని గింజా ప్రాంతానికి మార్చి, 1874లో కొడుకు ఎయిజబురోతో కలిసి అంపన్‌ను రూపొందించాడు. అన్నం, నీళ్లు, 'కోజి' అనే బూజు పట్టించిన బియ్యం కలిపి పులియబెట్టగా వచ్చే 'సకదనె'తో పిండిని పొంగించడం ఇందులోని కిటుకు. 'మంజు' అనే ఆవిరి కుడుముల్లో కొన్నింటిని సారాయి పులుపుతో పొంగించే పద్ధతి అప్పటికే ఉన్నందువల్ల, పూర్ణంతోపాటు ఆ వాసన కూడా జనానికి పరిచితమే. కొత్తదల్లా పొయ్యిలో కాల్చడం. 1875 ఏప్రిల్ 4న ఆస్థాన సేవకుడైన యమఒక తెష్షూ చొరవతో మెయిజి చక్రవర్తికి సమర్పించిన అంపన్‌ల నడుమ, ఉప్పులో ఊరవేసిన ముద్ద చెర్రీ పువ్వును అద్దారు. తీపికి ఆ ఉప్పదనం తోడై చక్రవర్తి మెప్పు పొందడంతో బన్నుకు దేశమంతటా పేరు వచ్చింది.

ఈ విజయంతో 'పన్' అనే మాట కొత్త పేర్లకు ఆధారమయింది; 1900లో జామ్‌పన్, 1904లో నకమురయ దుకాణం చేసిన క్రీమ్‌పన్ వెలువడ్డాయి. జపాను నుంచే ఆ మాట కొరియాకు, తైవాన్‌కు చేరింది. పరాయి వంటకంగా మూడు శతాబ్దాలు వాకిట్లోనే ఉండిపోయిన రొట్టెను ఇంటిలోకి తెచ్చింది స్థానికుల నాలుకకు అలవాటైన పూర్ణమూ పులుపూ అని అంపన్ చరిత్ర నిరూపిస్తుంది.