ఖరగ్‌పూర్ రైల్వే మైదానాలు: కొలువు వెంట నడిచిన ఆట

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న రైల్వే వాడల్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఒకటి. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న రైలుమార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) చేతికి వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు పనికోసం వెళ్లడానికి ఆ దారే దారైంది. ఈ ఊరి ఆటల చరిత్ర కూడా ఆ కొలువులతోనే ముడిపడి ఉంది. బాగా ఆడేవాడికి రైల్వే ఉద్యోగమిచ్చేది, అతను రైల్వే జట్టుకి ఆడేవాడు. క్వార్టర్, పాస్, నెల జీతం ఉన్న ఇంట్లో ఆట ఒక వ్యసనం కాకుండా ఒక దారిగా కనిపించడం సహజమే.

మొదట పేరు తెచ్చింది హాకీ. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో బీఎన్ఆర్ ఆటగాళ్లు డికీ కార్, కార్లైల్ టాప్సెల్ ఉన్నారు. అసలు మలుపు మాత్రం 1946లో వచ్చింది. బీఎన్ఆర్‌కే చెందిన మరో రైల్వే ఊరు బిలాస్‌పూర్‌లో పుట్టిన లెస్లీ క్లాడియస్ అప్పటికి ఫుట్‌బాల్ ఆటగాడు. ఖరగ్‌పూర్‌లో అతన్ని చూసి హాకీలోకి దించింది డికీ కారే. రెండేళ్లు తిరిగేసరికి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో క్లాడియస్ సభ్యుడు. 1952, 1956లలో మళ్లీ స్వర్ణాలు, 1960లో కెప్టెన్‌గా రజతం. ఒలింపిక్ హాకీలో నాలుగు పతకాలు సాధించిన భారతీయుడు అతను కాక ఉధమ్ సింగ్ ఒక్కడే. క్లాడియస్ తర్వాత కలకత్తా కస్టమ్స్‌లో చేరడంతో, అతని పేరు పక్కన ఖరగ్‌పూర్ పేరు అంతగా వినబడదు.

1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినా, ఫుట్‌బాల్ జట్టు మాత్రం బీఎన్ఆర్ అనే పాత పేరుతోనే బరిలోకి దిగేది. 1964లో ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అంతకు ముందు ఏడాది ఆ కప్పు ఆంధ్ర పోలీసుల దగ్గర ఉండేది. అదే 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద భారత్ 2-0తో నెగ్గింది. రెండో నిమిషంలోనే తొలి గోల్ కొట్టింది బీఎన్ఆర్ ఆటగాడు అప్పలరాజు. సింహాచలం అప్పన్న పేరు వినబడే ఆ పేరు విశాఖ వైపు ఇంటింటా ఉంటుంది. ఆ టోర్నీలో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆసియా కప్‌లో ఇప్పటికీ మన అత్యుత్తమ ఫలితం అదే. అయినా అప్పలరాజు పేరు తెలుగు క్రీడా పుటల్లో కనిపించడం అరుదు.

క్రికెట్ కథ అందరికీ తెలిసిందే. 2001 నుంచి 2003 దాకా మహేంద్ర సింగ్ ధోనీ ఖరగ్‌పూర్‌లో టికెట్ కలెక్టర్. సెర్సా మైదానంలో రైల్వే జట్టుకి ఆడాడు. ఈ వ్యవస్థలోని ఇరుకు కూడా ఇక్కడే బయటపడుతుంది. ఉద్యోగం ఆటగాడికి తిండి పెడుతుంది, డ్యూటీ మాత్రం తప్పదు. రైల్వే జట్టులో చోటు సంపాదించినవాడికి జాతీయ జట్టు గ్యారంటీ కాదు, చేతిలో ఉన్న జీతం వదులుకోవడమూ తేలిక కాదు. పెద్ద కుటుంబాన్ని పోషించే పిల్లవాడికి అది మరీ కష్టం. ధోనీ వదిలి వెళ్లాడు. చాలామంది వదలలేదు, వదలనివాళ్ల పేర్లు రికార్డుల్లో ఉండవు.

2004 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ మీద తొలి వన్డేలో ధోనీ సున్నాకే రనౌటయ్యాడు. అయిదో వన్డే 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో, పాకిస్తాన్ మీద. 123 బంతుల్లో 148 పరుగులు. ధోనీని దేశానికి పరిచయం చేసిన ఇన్నింగ్స్ అది. అది జరిగిన ఊరు, ఖరగ్‌పూర్‌తో పాటు దశాబ్దాలు ఒకే రైల్వే జోన్‌లో ఉన్న ఊరు. అప్పటికి రెండేళ్ల ముందే, 2003లో, వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే నుంచి విడివడి ఈస్ట్ కోస్ట్ రైల్వేలో చేరింది.